నిర్మల్ కొయ్యబొమ్మలు: పొణికి చెక్క, చెక్కుడు నేర్పు

ఉత్తర తెలంగాణలోని నిర్మల్ పట్టణంలో నకాషీ కళాకారులు పొణికి చెక్కతో చేసే బొమ్మలే నిర్మల్ కొయ్యబొమ్మలు. మామిడి, సీతాఫలం, అరటి వంటి పండ్లు, కూరగాయలు, చిలకలు, నెమళ్లు, ఎద్దులు, ఏనుగులు, కుండ నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్లు, డప్పు కొట్టే మగవాళ్లు ఈ పనిలో ఎక్కువగా కనబడే రూపాలు. కొన్నవాళ్ల కంటికి ముందు ఆనేది రంగు. ఈ పని గురించి రాసినవాళ్లలో చాలామంది కూడా రంగుల దగ్గరా బంగారు మెరుపు దగ్గరా ఆగిపోయారు. రంగు కింద ఉన్న చెక్కకు, దాన్ని రూపానికి తెచ్చే చేతికి దక్కిన వాక్యాలు తక్కువ. ఈ వ్యాసంలో ఎక్కువ చోటు వాటికే.

పట్టణం, పనివాళ్లు

నిర్మల్ గోదావరికి ఉత్తరాన ఉంది. నిజామాబాదు వైపు నుంచి వచ్చేవాళ్లు సోన్ దగ్గర గోదావరి దాటితే పట్టణం ఇక దూరం ఉండదు. పట్టణం దాటి ఆదిలాబాదు వైపు సాగితే మహబూబ్ ఘాట్ మలుపులు, వాటికి అటూ ఇటూ సాత్మల గుట్టల అడవి. హైదరాబాదు నుంచి నాగపూర్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉండడం ఈ బొమ్మలకు బాగా కలిసొచ్చింది. దారిన పోయేవాళ్లు ఆగి కొన్న సరుకు తక్కువేం కాదు. 2016 అక్టోబరు 11న ఆదిలాబాదు జిల్లాను నాలుగు ముక్కలు చేసినప్పుడు నిర్మల్ కొత్త జిల్లా కేంద్రమయింది.

పట్టణానికి ఆ పేరు 17వ శతాబ్దపు పాలకుడు నిమ్మనాయుడి వల్ల వచ్చిందని స్థానికంగా చెబుతారు. నకాషీలను పిలిపించి పని ఇచ్చి ఇక్కడ నిలబెట్టింది కూడా ఆయనేనంటారు. నాలుగు వందల ఏళ్ల కళ అని ప్రకటనల్లో రాసే లెక్క ఈ కథ నుంచే వచ్చింది. తర్వాత నిర్మల్ హైదరాబాదు నిజాములైన ఆసఫ్‌జాహీల కిందికి పోయింది. 18వ శతాబ్దంలో ఇక్కడ ఫిరంగులు పోత పోశారు. ఫ్రెంచివాళ్ల సాయంతో కట్టారని చెప్పే శ్యాంగఢ్ కోట ఊరి అంచున ఇంకా నిలిచే ఉంది. ఫిరంగికి అచ్చు కావాలి, బండికి చక్రం కావాలి, తుపాకీకి మడమ కావాలి. సైన్యం మకాం పెట్టిన ఊళ్లో కొయ్య పనివాడికి పని దొరక్కపోవడం ఉండదు. బొమ్మల పని ఒక్క రాజు దయతోనే బతికిందనే కథ కంటే, ఇనుము, కొయ్య, రంగు పనివాళ్లు ఒకే చోట గుమిగూడిన ఊరు కాబట్టి బతికిందనుకోవడం నాకు సబబుగా తోస్తుంది.

నిజాం నిర్మల్‌కు వచ్చినప్పుడు జరిగిందని చెప్పే కథ మరొకటి ఉంది. ఆయన కూర్చునే ఆసనం మీదుగా కళాకారులు ఒక అరటి పువ్వును వేలాడదీశారట. ఆయన వచ్చి కూర్చోగానే అది విచ్చుకుని బంగారు రంగు రేకులు ఆయన మీద రాలాయట. ప్రభువు మెచ్చి ఆదరించాడని ముగింపు. ఇది నిజంగా జరిగిందా లేదా అన్నది పక్కన పెట్టినా, నిర్మల్ పనివాళ్లు తమ నేర్పుకు గుర్తుగా దేన్ని ఎంచుకున్నారో ఇందులో ఉంది. అది పువ్వు, దాని తొడుగు, రేకు పలచదనం, అంటే ఆకారం. బంగారం ఆ తర్వాతి మాట.

20వ శతాబ్దం మొదటి భాగానికి ఆదరణ పలచబడింది. హైదరాబాదు రాజ్యంలో ఉన్నత పదవుల్లో పనిచేసి, 1937 నుంచి 1941 దాకా ప్రధానిగా ఉన్న సర్ అక్బర్ హైదరీ భార్య లేడీ హైదరీ ఈ పనివాళ్లను రాజధానికి రప్పించి ప్రోత్సహించారు. నిర్మల్ పేరు పట్నం ఇళ్ల గోడల మీదికి, గాజు బీరువాల్లోకి ఎక్కింది అప్పుడే. 1955లో నిర్మల్‌లోనే కళాకారుల పారిశ్రామిక సహకార సంఘం ఏర్పడింది. చెక్క సంపాదించడం, పని చేయడానికి చోటు, అమ్మకం ఈ సంఘం చేతిమీదుగా నడుస్తూ వచ్చాయి.

పొణికి

నిర్మల్ పనికి ఆధారం పొణికి చెట్టు. కొన్ని చోట్ల పునికి అనీ, తెల్ల పొణికి అనీ అంటారు. వృక్షశాస్త్రంలో దీని పేరు గివోషియా. ఆముదం, జముడు చెట్లున్న కుటుంబమే దీనిదీ. దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ రాళ్లు తేలిన ఎండు గుట్టల మీద పెరుగుతుంది. ఆకు హృదయాకారంలో వెడల్పుగా ఉండి, అడుగున తెల్లని నూగుతో మెత్తగా తగులుతుంది. ఎండాకాలంలో ఆకు రాలుస్తుంది.

చెక్క తెల్లగా, అతి తేలిగ్గా, మెత్తగా ఉంటుంది. ఆదిలాబాదు అడవి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది టేకు. ఎండిన టేకు ఘనపు మీటరు సుమారు 650 కిలోలు తూగుతుంది. పొణికి అందులో సగం కూడా తూగదు. తీరంలోని జాలర్లు దీన్ని తెప్పలకు వాడారంటే ఎంత తేలికో ఊహించవచ్చు. బండికి పనికిరాదు, నాగలికి పనికిరాదు, వాకిలికి అసలే పనికిరాదు. ఊళ్లో వడ్లాయన పొణికి వైపు కన్నెత్తి చూడడు. ఆయనకు కావలసింది నల్లతుమ్మ, నల్లమద్ది, టేకు. ఇంటికీ సేద్యానికీ అక్కర లేని చెట్టు బొమ్మలవాడి పాలిట కల్పవృక్షమయింది.

మెత్తదనం ఒక్కటే దీని గుణం కాదు. నార బాగా సన్నం. ఎటు చెక్కినా పెద్ద పెద్ద పెళ్లలుగా లేచిపోదు. బరువు తక్కువ కాబట్టి చెయ్యి అలిసిపోదు, బొమ్మ కింద పడినా విరగడం తక్కువ. లోపాలూ ఉన్నాయి. పచ్చి చెక్క నీటిని విపరీతంగా పట్టి ఉంటుంది. ఏ చెక్కయినా తేమ 30 శాతం దిగువకు వచ్చాకే ముడుచుకోవడం మొదలవుతుంది. ఆ ముడత అన్ని దిక్కులా ఒకేలా ఉండదు. నార పొడవునా దాదాపు ఉండదు, అడ్డంగా ఎక్కువ. తడి చెక్కతో చేసిన గుండ్రని పండు నెల తిరిగేసరికి కోడిగుడ్డు ఆకారానికి దిగుతుంది, లేదా పగులుతుంది. అందుకే ముక్కలను సన్నని సెగ మీద ఆరబెట్టి తేమ తీసేశాకే ఉలి పట్టుకుంటారు. రెండో లోపం, మొద్దుబారిన పనిముట్టును ఈ చెక్క క్షమించదు. గట్టి చెక్క మీద మొద్దు ఉలి జారిపోతుంది, పనివాడికి వెంటనే తెలిసిపోతుంది. పొణికి మీద అదే ఉలి నారను కోయకుండా నలిపేస్తుంది. నలిగిన చోటు అప్పటికి నున్నగానే కనబడుతుంది, పూత తడి తగలగానే ఉబ్బి గరుకు తేలుతుంది.

పొగాకు పైపు ఇక్కడ ఎందుకు పుట్టలేదు

కొయ్యను చేత్తో చెక్కి వాడుక వస్తువుగా మలిచే పనుల్లో ప్రపంచమంతటా పేరున్నది పొగాకు పైపు తయారీ. ఫ్రాన్సులో స్విట్జర్లాండు సరిహద్దున ఉన్న జూరా కొండల్లోని సాంక్లోద్ పట్టణం 19వ శతాబ్దం మధ్య నుంచి దానికి కేంద్రం. అక్కడ వాడేది బ్రయర్ అనే చెక్క. మధ్యధరా తీరంలో పెరిగే ఎరికా ఆర్బోరియా అనే పొద మొదట్లో, వేళ్లకూ కాండానికీ నడుమ పెరిగే బుడిపె అది. దాన్ని తవ్వి తీసి, దిమ్మలుగా కోసి, గంటల తరబడి ఉడకబెట్టి, నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఆరబెడతారు. గట్టిది, నార చిక్కుపడి ఉంటుంది, లోపల నిప్పు ఉన్నా అంత త్వరగా అంటుకోదు. టర్కీలోని ఎస్కిషెహిర్ పైపులకు మెత్తని తెల్లరాయి, అమెరికాలోని మిస్సోరిలో మొక్కజొన్న కంకి బెండు ఆధారాలయ్యాయి.

ఉత్తర తెలంగాణలో పైపు పుట్టకపోవడం పొగ తాగేవాళ్లు లేక కాదు. ఇక్కడి వాడుక చుట్ట, చిలుము, బీడీ. చిలుము కుమ్మరి చేతి మట్టి వస్తువు. కొయ్యతో పని లేదు. నవాబుల ఇళ్లలో హుక్కా ఉండేది, దాని అడుగు భాగానికి బీదరు లోహపు పని వాడేవాళ్లు. సామాన్యుడి బీడీకి పొణికి పెరిగే గుట్టల మీదే పెరిగే తునికి చెట్టు ఆకునిచ్చింది. ఎండాకాలంలో తునికాకు తెంపి, యాభై ఆకుల కట్టలు కట్టి కల్లాల్లో అప్పజెప్పడం ఆదిలాబాదు అడవి పల్లెలకు ఏటా వచ్చే పని. ఆ ఆకును చుట్టే పని కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల్లో వేలాది ఆడవాళ్ల చేతుల్లో ఉంది. ఒకసారి కాల్చి పారేసే ఆకు ఊరి చుట్టూ దొరుకుతుంటే, ఏళ్ల తరబడి వాడే కొయ్య గొట్టం చెక్కే అవసరం ఎవరికీ రాలేదు. పొణికితో చేద్దామన్నా నిప్పుకు నిలవదు.

అయితే పైపు చెక్కేవాడి పనినీ నిర్మల్ పనినీ పక్కపక్కన పెడితే, ఆకారం చేయడంలో రెండు వేర్వేరు దారులు స్పష్టంగా కనబడతాయి. పైపు పనివాడు సాధారణంగా ముందు బొర్రలు తొలుస్తాడు. పొగాకు పోసే గుంట, పొగ వచ్చే సన్నని దారి గుంట అడుగున సరిగ్గా కలవాలి. ఆ రెండు బొర్రల చుట్టూ బయటి ఆకారం కుదరాలి. చెక్కేశాక తిరిగి అంటించేదేమీ ఉండదు. మెరుగు పెట్టడమే తప్ప పూత లేదు కాబట్టి చెక్క నార కూడా అందంలో భాగమే. నిర్మల్ పనివాడికి లోపల బొర్ర లేదు, నార కనబడే పని లేదు, అంటించడానికి అడ్డు లేదు. అతనికి ఉన్న ఇబ్బంది వేరే. చెక్కిన రూపం మీద ముద్ద, సుద్ద, రంగు అన్నీ పడతాయి. ప్రతి పూతా ఆకారాన్ని కాస్త లావు చేస్తుంది, కాస్త మొద్దుబార్చుతుంది. చిలక ముక్కు కొన, ఎద్దు కనుబొమ ఎముక, తామర రేకు అంచు పూతల కింద మునిగిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. కనుక ఆఖరి రూపం కంటే చెక్క రూపం సన్నగా, అంచులు పదునుగా, గాడులు లోతుగా ఉండాలి. ఉలి ఎక్కడ ఆపాలన్నది పూత మందాన్ని బట్టి నిర్ణయించుకోవడమే నిర్మల్ చెక్కుడులోని అసలు నేర్పు అని నా అభిప్రాయం.

పనిముట్లు

రంపం, బాడిస, రకరకాల ఉలులు, చిన్న కత్తులు, ఆకురాళ్లు, సానరాయి, సాండ్‌పేపర్. వడ్రంగి సంచిలో ఉండేవే, పరిమాణం చిన్నది. బాడిస మొద్దు నుంచి ఆకారం తెంపుతుంది, ఉలి లోతులు తీస్తుంది, ఆకురాయి కలుపుతుంది. గట్టి చెక్క ఉలికి 25 నుంచి 30 డిగ్రీల వాలు పెడితే, ఇలాంటి మెత్తని చెక్కకు 20 డిగ్రీల దగ్గరి పలచని అంచు బాగా తెగుతుంది. పలచని అంచు త్వరగా మడత పడుతుంది కాబట్టి మాటిమాటికీ సాన పట్టాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఖరీదైన ఉలుల కోసం వెతకడం కంటే ఉన్న రెండింటిని సాన పట్టడం నేర్చుకుంటే లాభం ఎక్కువ. సరిగ్గా సాన పట్టిన ఉలి పొణికిని అడ్డంగా కోసినప్పుడు కోత మెరుస్తుంది. తెల్లగా పొడిపొడిగా ఉంటే ఇంకా పట్టాలని అర్థం.

ఆకారం చేయడం

మామిడి పండుతో మొదలుపెడదాం, ఎందుకంటే తేలికనిపించి మోసం చేసేది అదే. కొయ్యబొమ్మలకు పేరున్న ఏటికొప్పాకలో అంకుడు చెక్కను మర మీద తిప్పి లక్క రంగులు ఎక్కిస్తారు. తిరిగే చెక్క మీద పుట్టే రూపం నడి ఇరుసు చుట్టూ అన్ని వైపులా ఒకేలా ఉంటుంది. బొంగరం, భరిణె, గిలక్కాయ అలాగే అందం. మామిడికి ఆ పద్ధతి నప్పదు. ఒక భుజం ఎత్తు, ఒక భుజం వాలు. ముక్కు ఒక పక్కకు తిరుగుతుంది. తొడిమ గుంట నడిమధ్యలో ఉండదు. పక్క నుంచి చూస్తే పండు బల్లపరుపు. వీటిలో ఏది తప్పినా రంగు ఎంత బాగా వేసినా అది మామిడి రంగు వేసిన బంతి మాత్రమే. నిర్మల్ పండ్లు నిజం పండ్ల పక్కన పెడితే పిల్లలు తడబడతారని పేరుంది. ఆ తడబాటు తెచ్చేది చేత్తో చెక్కిన ఈ వంకరే.

చదరపు దిమ్మ తీసుకుని ముందువైపున పండు ముఖరూపం, పక్కవైపున పక్కరూపం పెన్సిలుతో గీస్తే రెండు గీతలకు బయట ఉన్నదంతా తీసేయవలసిందే. రంపంతో ఆ రెండు దిక్కులా కోశాక మిగిలేది పలకలుగా ఉన్న పండు. ఇక్కడ తొందరపడి మూలలు గుండ్రం చేస్తే కొలత చేజారిపోతుంది. నాలుగు పలకలను ఎనిమిది చేసి, ఎనిమిదిని పదహారు చేస్తూ పోతే ప్రతి పలక వెడల్పు చూసి ఎక్కడ ఎక్కువ ఉందో ఎక్కడ తరిగిందో తెలుస్తూనే ఉంటుంది. సాంక్లోద్ పైపు పనివాడైనా, నిర్మల్ పనివాడైనా, చక్రాల ఆకు చెక్కే వడ్ల ముసలాయనైనా గుండ్రాన్ని పలకల్లోంచే తీస్తారు. ఆకురాయి ఆ తర్వాతే. ఆకురాయితో ఆకారం చేయాలనుకోవడం కొత్తవాళ్ల అలవాటు. అది గీతల్ని కలుపుతుంది తప్ప కొత్త గీత గీయదు.

ఎద్దు బొమ్మ సంగతి వేరు. మొండెం ఒక ముక్క. కాళ్లు, కొమ్ములు, చెవులు, తోక విడివిడిగా చెక్కి అంటిస్తారు. ఇది సులువు కోసం వెతికిన అడ్డదారి కాదు. చెక్కకు బలం నార పొడవునా ఉంటుంది. మొండెంలో నార తల నుంచి తోక వైపు పోతుంది. అదే ముక్కలోంచి కాలు తీస్తే కాలికి నార అడ్డంగా పడి, వేలెడు లావు కాలు చిన్న దెబ్బకు పటుక్కున విరుగుతుంది. విడిగా చేస్తే కాలికి నార నిలువుగా, కొమ్ముకు కొన వైపుగా, తోకకు పొడవుగా వచ్చేట్టు ముక్క ఎంచుకోవచ్చు. చెక్క వృథా కూడా తగ్గుతుంది. కాళ్లు సాచిన ఎద్దును ఒకే దిమ్మలోంచి తీస్తే పొట్ట కింది చెక్కంతా పొట్టుగానే పోతుంది.

అతుకు దగ్గరే పనివాడి చెయ్యి బయటపడుతుంది. చింతగింజలను పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడికిస్తే చిక్కని బంక వస్తుంది. దాంట్లో పొణికి రంపపు పొట్టు కలిపితే ముద్ద తయారవుతుంది. కొండపల్లి బొమ్మలవాళ్లు దీన్నే మక్కు అంటారు. బొమ్మను పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవాళ్లూ ఉన్నారు. ఈ ముద్ద కాలిని మొండేనికి పట్టి ఉంచుతుంది, అతుకు సందు నింపుతుంది, ఆరాక చెక్కతో పాటే ఉలికి తెగుతుంది, చెక్కతో పాటే రంగు పీలుస్తుంది. ఎద్దు మూపురం పక్కన కండ ఉబ్బు, జబ్బ మీద చర్మపు మడత ముద్దతో పైనుంచి పెట్టి, వేలితో దిద్ది, ఆరాక చెక్కవచ్చు. అంటే ఈ పని సగం తీసేయడం, సగం పెట్టడం. అచ్చంగా శిల్పి పనీ కాదు, అచ్చంగా కుమ్మరి పనీ కాదు.

ఈ వెసులుబాటు వల్ల ఒక చెడ్డ అలవాటు కూడా పుట్టింది. చెక్క తక్కువ పడితే ముద్దతో పూడ్చేయొచ్చనే ధీమా. పూడ్చిన భాగం మందంగా ఉంటే ఆరేటప్పుడు చెక్కకంటే ఎక్కువ ముడుచుకుని అంచు వెంట సన్నని పగులు ఇస్తుంది. కొత్తలో కనబడదు, ఏడాది తర్వాత రంగు మీద వెంట్రుకలాంటి గీత తేలుతుంది. బొమ్మ కొనేటప్పుడు అడుగు తిప్పి కాళ్ల మొదళ్లు, కొమ్ముల మొదళ్లు చూడడం మంచిది. అరచేతిలో పెట్టుకుని బరువు చూడడం కూడా. పొణికి బొమ్మ అనుకున్నదానికంటే తేలిగ్గా ఉండాలి. బరువనిపిస్తే ముద్ద ఎక్కువైనా అయ్యుండాలి, చెక్క వేరేదైనా అయ్యుండాలి.

ముద్ద ఆరి, సాండ్‌పేపర్ పని అయ్యాక తెల్లసుద్ద పూత వేస్తారు. ఇది నారను మూసేసి రంగుకు సమమైన నేల ఇస్తుంది. రంగు వేయకముందు, తెల్లగా ఆరిన ఈ దశలో బొమ్మను పక్క వెలుతురులో తిప్పి చూస్తే చెక్కుడులోని తప్పులన్నీ నీడలుగా కనబడతాయి. ఏ కొయ్య పనివాడికైనా పాఠం నేర్పే గడియ ఇదే. రంగు పడ్డాక కన్ను రంగునే చూస్తుంది.

నేర్చుకోవడం గురించి

ఇళ్లలో ఈ విద్య చూసి చూసి అబ్బేది. తండ్రి తెంపిన మొద్దుకు కొడుకు ఆకురాయి పట్టేవాడు, ఇంట్లో ఆడవాళ్లు బంక కాచి సుద్ద, రంగు వేసేవాళ్లు. ఇవాళ నిర్మల్ పనిలో ఆడవాళ్ల వాటా అంతకంతకూ పెరిగింది. ఇలా నేర్చిన చెయ్యి వేగంగా పనిచేస్తుంది, కానీ అదే చిలకను అదే వంపుతో చేస్తూ పోతుంది. శిక్షణ శిబిరాల్లో నేర్చినవాళ్లకు దీనికి ఎదురు చిక్కు. గీసిన నమూనా ముందు ఉంటుంది, నిజం చిలక ఉండదు. రెండింటికీ మందు ఒకటే: చెక్కేదాన్ని ముందు పెట్టుకోవడం. సీతాఫలం కాలంలో సీతాఫలం కొని పక్కన పెట్టుకుని, దాని కళ్ల వరస తొడిమ దగ్గర చిన్నగా మొదలై నడుమ పెద్దవై కింద మళ్లీ చిన్నవయ్యే తీరును లెక్కపెట్టి చెక్కినవాడి పండుకూ, గుర్తుపెట్టుకున్న బుడిపెలు చెక్కినవాడి పండుకూ తేడా గజం దూరం నుంచే తెలుస్తుంది.

చెయ్యి కుదురుకునేదాకా కొన్ని పద్ధతులు ఉపయోగపడతాయి. అట్టముక్కను పండు పక్కరూపానికి కత్తిరించి ఉంచుకుని, చెక్క మీద ఆనించి వెలుతురు ఎక్కడ దూరుతుందో చూడడం. నడిమి గీత చెరిగిపోయిన ప్రతిసారీ మళ్లీ గీసుకోవడం. బొమ్మను తలకిందులుగా పట్టుకుని చూడడం; తలకిందులైనప్పుడు అది ఎద్దుగా కాక ఆకారంగా కనబడుతుంది, ఒక పక్క బరువు దిగిందేమో తెలుస్తుంది. కళ్లు మూసుకుని బొటనవేలితో రెండు పక్కలా ఒకేసారి తడమడం. కన్ను ఒప్పుకున్న తప్పును వేలు ఒప్పుకోదు. బొమ్మల లెక్కను బట్టి శిక్షణను కొలిచే చోట వీటికి తీరిక దొరకదు. ఈ కళ మీద పెట్టే డబ్బులో ఎక్కువ భాగం అలాంటి లెక్కలకే పోతోందన్నది నా ఫిర్యాదు.

రంగు, బంగారం

పాత రోజుల్లో ఖనిజాలనుంచీ చెట్ల పసరులనుంచీ రంగులు తీసేవాళ్లు. బంగారం వాడకుండానే బంగారు మెరుపు తెప్పించిన పసరు పూత నిర్మల్‌కు ప్రత్యేకమైన గుర్తింపు తెచ్చింది. చెక్క పలకల మీద వేసే నిర్మల్ చిత్రాల్లో ఆ బంగారు రంగే ప్రాణం. రామాయణ, భారత ఘట్టాలు, అజంతా తీరు, మొగలాయి తీరు అన్నీ ఆ చిత్రాల్లో కలిసిపోయాయి. 20వ శతాబ్దంలో డ్యూకో, ఎనామెల్ రంగులు వచ్చాయి. త్వరగా ఆరతాయి, తడిగుడ్డతో తుడవచ్చు, మెరుపు ఎక్కువ. ఆ మెరుపే చెక్కుడుకు శత్రువు. వెలుగును తిప్పికొట్టే నున్నని పూత లోతుల్ని చదును చేసి చూపుతుంది. మెరుపు తక్కువ రంగు వేసిన పాత బొమ్మలో చిలక రెక్క కింది నీడ ఇంకా నిలిచి ఉంటుంది.

పక్క ఊళ్ల చుట్టరికం

పొణికి నిర్మల్ సొంతం కాదు. కృష్ణా తీరపు కొండపల్లి బొమ్మలదీ ఇదే చెక్క, అతుకుల పద్ధతీ దగ్గరిదే. అక్కడి బొమ్మలు పండగ కొలువుకు, కథ చెప్పడానికి పుట్టాయి కాబట్టి ముఖాలు ముందు, మొండెం తర్వాత. నిర్మల్‌లో ప్రకృతిని పోలడం మీద మక్కువ ఎక్కువ. సిద్దిపేట జిల్లా చేర్యాలలో కథా పటాలు వేసే నకాషీలు కూడా పొణికి, రంపపు పొట్టు, చింతగింజల బంకతో బొమ్మలూ ముసుగులూ చేస్తారు. గొల్లల కథలు చెప్పే మందెచ్చులవాళ్ల పెద్ద బొమ్మలు వాళ్ల చేతి పనే. ఇక ఆదిలాబాదు గుట్టల్లో రాజగోండుల పురాణాలు పాడే పర్ధానుల చేతిలోని మూడు తీగల కీకిరి కూడా కొయ్యను తొలిచి చేసే వాద్యమే. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1940లలో గోండు పల్లె మార్లవాయిలో ఉండి చూసిన ప్రపంచం అది. అక్కడ ఆకారానికి కొలమానం కన్ను కాదు, చెవి.

హక్కు, చట్టం, చెట్టు

నిర్మల్ బొమ్మలకు, చేతిపనులకు 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నిర్మల్ చిత్రాలకు, నిర్మల్ ఫర్నిచర్‌కు కూడా ఆ గుర్తింపు ఉంది. రాష్ట్ర హస్తకళల అభివృద్ధి సంస్థ గోల్కొండ దుకాణాల్లో ఇవి దొరుకుతాయి. 2020 నాటి ఆటవస్తువుల నాణ్యత ఉత్తర్వు 2021 జనవరి 1న అమలులోకి వచ్చి, దేశంలో అమ్మే ఆటబొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేసింది. అచ్చు ప్రకారం అమలు చేస్తే ఇంటి అరుగు మీద పనిచేసే నకాషీ కూడా పరీక్షశాల పెట్టుకోవలసి వచ్చేది. ఆ ఇబ్బంది గమనించి, హస్తకళల కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసిన వస్తువులకూ, భౌగోళిక గుర్తింపు ఉన్న వస్తువులకూ మినహాయింపు ఇచ్చారు. మినహాయింపు ఉన్నా, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఎనామెల్ రంగు బొమ్మ ఇవ్వకపోవడమే మంచిది. నిర్మల్ బొమ్మల్లో ఎక్కువ భాగం ఇప్పుడు ఆటకు కాక అలంకారానికే అమ్ముడవుతున్నాయి.

మినహాయింపులు తీర్చలేని చిక్కు చెక్కది. చుట్టుపక్కల గుట్టల్లో పొణికి తరిగిపోయింది. మిగిలినది రిజర్వు అడవుల్లో, 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ లాంటి చోట్ల ఉంది కాబట్టి అనుమతి లేకుండా నరకడం కుదరదు. చెట్టు పెంచడం కూడా చెప్పినంత తేలిక కాదు. గింజ పెంకు బాగా గట్టిది, మామూలుగా నాటితే మొలకెత్తేవి కొన్నే. మొలిచిన చెట్టు కోతకు రావడానికి ఏళ్లు పడుతుంది. అందువల్ల కొన్ని చోట్ల వేరే మెత్తని చెక్కలతో పని సాగిస్తున్నారు. వాటిలో కొన్నిటికి నార ముతక. చిలక ముక్కు కొన దగ్గర పెళుసుగా లేచిపోతుంది, కనుక ముక్కు మొద్దుగా చేయవలసి వస్తుంది. పాత చిలకనూ కొత్త చిలకనూ పక్కపక్కన పెట్టి చూస్తే చెక్క మారిన సంగతి ముక్కు దగ్గరే తెలిసిపోతుంది. సంఘానికి అడవి శాఖ ఇచ్చే చెక్క కోటా, గుట్ట అంచున నాటే పొణికి తోటలు, గింజ మొలిపించే నర్సరీలు ఈ బొమ్మల ఆకారాన్ని ఇకముందు నిర్ణయించబోయే విషయాలు.